చూరుకు రాగి

ఆసుపత్రి సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, ఆయన కళ్ళజోడు సర్ది, జిప్పు లాగి, ఆమె బయటికి వచ్చింది. భర్త ఇంకా చూరు కింద మెడ పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"బయల్దేరదామండీ. పదింటికల్లా ఉండమన్నారు."

"ఆ మూల అతుకు ఒక్కటీ వేస్తే అయిపోతుంది. నా గుండె ఎక్కడికీ పోదులే."

ఎందరి ఇళ్ళకో వాన నీళ్ళు పోయే చూరు కాలువలు బిగించిన మనిషి, తన ఇంటికి మాత్రం తుప్పు రేకే ఉంచాడు. డాక్టరు ఆపరేషన్ తప్పదన్న రోజునే రాగి కాలువలు తెచ్చాడు. నిచ్చెన మీద ఉన్నది ఆమె తమ్ముడు.

"బావా, పాత మేకులు గట్టిగానే ఉన్నాయి. వీటికే బిగించెయ్యనా?"

"రాగి పక్కన ఇనుప మేకు నాలుగేళ్ళు బతకదు. రాగి మేకులే కొట్టు. ఇన్నాళ్ళూ నా దగ్గర ఏం నేర్చుకున్నావురా?"

"తిట్లు తినడం."

ఆమె నవ్వలేదు. "ఇంత ఖరీదైనది ఎందుకండీ? రేకుకి ఏడాదికోసారి రంగేస్తే సరిపోయేది."

"ఎవరు వేస్తారు?"

"మీరే."

ఆయన నిచ్చెన కాలు సరిగ్గా ఆనించాడు.

"రాగికి రంగు అక్కర్లేదు. వానలకు ముందోసారి, తర్వాతోసారి ఆకులు తీస్తే చాలు. అది వీడు చూసుకుంటాడు. నువ్వు పైకెక్కొద్దు. ఒరే, పని కాగానే నిచ్చెన మీ ఇంటికి పట్టుకుపో."

"అక్కను చూస్తే నిచ్చెనకే భయం, బావా."

"వాగకు. ఇదిగో, అతుకుల దగ్గర తడి కనిపిస్తే వీడికి చెప్పు. గొట్టం మూతికి జల్లెడ..."

"అన్నీ ఇవాళే చెప్పాలా? వచ్చాక చెబుదురుగానీ" అందామె, సంచి భుజాన వేసుకుంటూ.

దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఒక్కటి మాత్రం చెప్పలేదు. కొత్త రాగి నాలుగు వానలు పడగానే నల్లబడుతుంది, ఆ పొరే దాన్ని కాపాడుతుంది. అది తెలియనివాళ్ళు ఉంటారని ఆయనకు తోచలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు మానడానికి మూడు వారాలు పట్టింది. ఆమె ఇంటికీ ఆసుపత్రికీ తిరిగి చిక్కి సగమైంది. చివరికి ఒక మంగళవారం డాక్టరు "రేపు తీసుకెళ్ళండమ్మా" అన్నాడు.

ఆమె మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. పక్క దులిపింది. గదులు తుడిచింది. ఆయన వచ్చే దారిన నిలబడి, ఆయన కళ్ళతో ఇల్లు చూసుకుంది. ఈ మూడు వారాల్లో పడ్డ వానలకు చూరు రాగి మచ్చలు మచ్చలుగా నల్లబడి ఉంది. పాడైపోయిందనుకుంది. తమ్ముడికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. పక్కింటికి వెళ్ళి నిచ్చెన అడిగింది.

"ఇప్పుడెందుకు వదినా?"

"రేపు మీ అన్నయ్య వస్తున్నారు. వస్తూనే అది చూస్తే ఆయన గుండె తట్టుకోదు. కాస్త తోమేస్తాను."

నిమ్మచెక్కలు, ఉప్పు గిన్నెలో వేసుకుంది.

బుధవారం పదకొండింటికి ఆయన ఇంటికి వచ్చాడు. నిచ్చెన మీంచి పడ్డ ఆమెను మంగళవారం సాయంత్రమే అదే ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఆమె మళ్ళీ ఇంటికి రాలేదు.