హనుమేష్ గ్రౌండు

"నీ వీడియో లక్షల మంది చూసినారప్పా! ఇంగా చూస్తానే ఉండారు" అంటూ మారెన్న ఫోను తెచ్చి హనుమేష్ ముక్కు కింద పెట్టాడు.

హనుమేష్ తలెత్తలేదు. గోల్‌పోస్టు ముందు వంగి, వానకు పైకి తేలిన ఒక రాయిని ఏరాడు. గాజు పెంకేమోనని వెలుతురుకు పెట్టి చూసి, తుడిచి జేబులో వేసుకున్నాడు. రోజూ పొద్దున్నే ఇదే పని. ఈ రాళ్ళ మీద పడే ఆయన మోకాలు పోయింది. ఒకప్పుడు జిల్లా జట్టులో పేరున్న ఫార్వర్డు, ఇప్పుడు ఊరి ఫుట్‌బాల్ జట్టుకు మేనేజరు. మేనేజరంటే ఊడ్చేదీ ఆయనే, సున్నం గీతలు గీసేదీ ఆయనే.

"ఏముందప్పా దాంట్లో చూసేకి?"

"నువ్వే. ఇట్లే వంగి ఏరుకుంటాండావు. నేనే తీసి పెట్టినా."

"మోకాలు పోయేదాకా ఆడితే ఒక్కడూ చూడల్యా. రాళ్ళేరితే చూస్తాండారా?"

"జనం అంతేలే. గ్రౌండు యాడ ఉండాదని ఒకటే అడుగుతాండారు. దారి చెప్పినా."

"ఆదివారం మ్యాచుందని చెప్పినావా?"

"చెప్పకుండా ఉంటానా!"

హనుమేష్ నిట్టూర్చాడు. తొలకరి పడ్డప్పటి నుంచి ఊరు ఊరంతా వానకు మట్టిలోంచి బయటపడే వజ్రాల వేటలో చేలెంబడి తిరుగుతోంది. ఆడేవాళ్ళకే తీరిక లేదు, చూసేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? ఈ ఆదివారం కూడా ఖాళీగా ఉంటే గ్రౌండును గొర్రెల సంతకు ఇచ్చేస్తానని సర్పంచి తేల్చి చెప్పేశాడు. పోరాడే ఓపిక హనుమేష్‌కు లేదు. ఆశపడే ఓపిక అసలే లేదు.

కానీ ఆదివారం జనం వచ్చారు. ఆటోల్లో, జీపుల్లో, బళ్ళారి నుంచి, బనగానపల్లె నుంచి, గొడుగులూ సద్దిమూటలూ పట్టుకుని పిల్లాజెల్లాతో దిగారు. దిగీ దిగగానే వంగి నేలను తాకారు. ఆటంటే ఇంత భక్తి ఉన్నవాళ్ళు ఈ కరువు సీమలో ఇన్నాళ్ళూ ఎక్కడున్నారో అనుకుని హనుమేష్ మురిసిపోయాడు.

"అన్నా, నీ వీడియో చూసే వచ్చినాం" అని ఒకాయన ఫోటో దిగాడు. ఇంకొకాయన హనుమేష్ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

సర్పంచి బిత్తరపోయి చూశాడు. "సంత మాట మర్చిపోప్పా. ఈ జనాన్ని కాదని నేను ఓట్లు యాడ అడుక్కోవల్ల?"

హనుమేష్ మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఎన్నేళ్ళ అలసటో ఒక్కసారిగా భుజాల మీద నుంచి దిగిపోయినట్టుంది.

"ఈ పొద్దన్నా బాగా ఆడండ్రా. మనకోసరం వచ్చినారు వాళ్ళు" అన్నాడు ఆటగాళ్ళతో.

ఆట మొదలెట్టమని మారెన్న ఈల ఊదాడు. అప్పుడే గొడుగు మడుచుకుంటూ ఒక అవ్వ గీత దాటి లోపలికి వచ్చింది. ఆమె వెనకే జనమంతా లేచారు. అవ్వ హనుమేష్ చెయ్యి పట్టుకుని, ఎవరికీ వినపడకుండా మెల్లగా అడిగింది.

"నాయనా, నీకు వజ్రం దొరికింది ఏ గోలు కాడ?"