ఎల్లేశం చేతులు

“ముట్టకు డాక్టరమ్మా! ముందు గ్లౌజులు ఏస్కో,” అంటూ ఎల్లేశం రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

నవనీత సంచిలోంచి గ్లౌజులు తీసి తొడుక్కుంది. ఇవాళ వాటి అవసరం లేదు. కానీ అవి తొడుక్కుంటేగానీ అతను చేతులు చాపడని ఆమెకు తెలుసు.

చాపాడు. వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి ఎర్రగా కనిపిస్తోంది.

“రోజుకి ఎన్నిసార్లు కడుగుతున్నారు?”

“లెక్కెక్కడిది బిడ్డా. యాదికొచ్చినప్పుడల్ల.”

“ముప్పై సార్లకు తక్కువుండదు,” అంది లోపల్నుంచి అతని భార్య పోచమ్మ. “కొత్త సబ్బు తెస్తే రెండు దినాలు రాదు.”

నవనీత క్లినికల్ మైక్రోబయాలజీలో పీజీ చేస్తోంది. రోగం తెచ్చిన క్రిమి ఏదో, ఎక్కణ్నుంచి వచ్చిందో పట్టుకునే చదువు. మొన్నటిదాకా కొండాపూర్‌లో ఒక పెద్ద ఆస్పత్రి ల్యాబులో పని. ఇప్పుడు శిక్షణలో భాగంగా బస్తీల్లో ఇల్లిల్లూ తిరుగుతోంది. మూసాపేటలోని ఈ రెండు గదుల ఇల్లు మొదట ఆమె జాబితాలో లేదు. అడిగి మరీ వేయించుకుంది.

మూడు నెలల కిందట ఆ ఆస్పత్రిలో, పసిపిల్లల ఐసీయూలో, వారం తిరక్కుండా ముగ్గురు శిశువులకు ఒకే క్రిమి సోకింది. మామూలు మందులకు లొంగని మొండి రకం. ఇద్దరు గట్టెక్కారు. పన్నెండు రోజుల పాప దక్కలేదు.

ఎవరి చేతుల మీదుగానో వచ్చిందని ప్రొఫెసర్ శివశంకర్ గారి అనుమానం. ఆ గదిలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరి వేళ్లూ ల్యాబు ప్లేట్ల మీద అద్దించమన్నారు. క్రిమి ఉంటే ఆ ప్లేటులో పెరుగుతుంది. డాక్టర్లు, నర్సులు, నేల తుడిచేవాళ్లు, నమూనాలు తీసే ల్యాబువాళ్లు, అందరూ కలిసి ఇరవై మూడు మంది. ప్లేట్లకు పేర్ల చీటీలు అంటించడంతో సహా పని నవనీతకే అప్పగించారు. రెండోనాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే, ల్యాబు తెరిచి ప్లేట్లు చూసింది కూడా ఆమే.

ఇరవై రెండింటిలో ఆ క్రిమి జాడ లేదు. ఒక్కదానిలో మాత్రం, వేళ్లు ఆనిన చోటల్లా పసుపు చుక్కలు మొలిచి ఉన్నాయి.

రిపోర్టులో, ఆ వార్డులో నేల తుడిచే ఎల్లేశం పేరు రాసింది.

“నీది డేగకన్ను నవనీతా,” అన్నారు ప్రొఫెసర్. నెల తిరక్కుండానే ఆ కేసు గురించి ఆమె చేత సెమినార్‌లో మాట్లాడించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె నీళ్లు తాగడానికని బయటికి పోయి మళ్లీ లోపలికి రాలేదు.

ఎల్లేశాన్ని కాంట్రాక్టరు మర్నాడే రావద్దన్నాడు. అతను పాప తల్లి కాళ్ల మీద పడాలని వార్డు గుమ్మం దగ్గర పొద్దుగూకేదాకా నిలబడ్డాడట. సెక్యూరిటీ వాళ్లు పంపేశారు. ఇప్పుడు గోదాములో అట్టపెట్టెలు మోస్తున్నాడు. మనిషిని ముట్టాల్సిన పనిలేదని ఏరుకున్న కొలువు.

ఆమె ముఖం చూసి ప్రొఫెసరే ఒకరోజు కూర్చోబెట్టి చెప్పారు. “జాలి వేరు, సైన్సు వేరు. నీ పని నువ్వు చేశావు.” అప్పట్నుంచి ఆయన గది ముందు నుంచి నడవడం మానేసింది.

ఈ ఇంటికి రావడం ఇది నాలుగోసారి. వచ్చిన ప్రతిసారీ ఏదో చెప్పాలనుకుంటుంది. నమూనా తీసుకుని వెళ్లిపోతుంది.

“రిపోర్టు తెచ్చాను,” అంది. “మూడోసారి కూడా ఏమీ లేదు. మీ చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆ క్రిమి దాక్కునే ముక్కులోనూ లేదు.”

“అంత నీ మందు మహిమనే బిడ్డా. ముక్కుల రాసుకుంటే మొదటి దినం మండుతదని ముందే చెప్పినవ్. అచ్చం గట్లనే మండింది.”

నవనీత తల దించుకుంది.

“గట్ల చిన్నబోతవేంది? నువ్వు కనిపెట్టకపోతే ఇంకెంతమంది పిల్లలు పోదురో. నీ తప్పేమున్నది?”

లోపల పసిపిల్ల ఏడ్చింది. ఎల్లేశం గబుక్కున లేచి గుమ్మం అవతలికి జరిగాడు. కూతురు రేఖ బిడ్డను ఎత్తుకుని బయటికొచ్చింది. రెండు నెలల పాప.

“ఇరవయ్యొక్క దినాల పండుగకు సుత గేటు కాడికెళ్లే చూసిండు,” అంది పోచమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ. “మనుమరాలిని ఒక్కసారన్న ముట్టలే. జర నువ్వన్న చెప్పు డాక్టరమ్మా.”

“నాయినా, డాక్టరే చెప్పింది గదా. ఎత్తుకో,” అంటూ రేఖ బిడ్డను చాపింది.

ఎల్లేశం గోడకు అతుక్కుపోయాడు.

“వద్దు బిడ్డా. కాగితం మీద లేదని రాసిన్రు గానీ, నాకెరుక. ఒక పసిపాణం తీసిన చేతులివి. తెలిసి చేసినా తెలవక చేసినా పాపం పాపమే. నేను సచ్చేదాక ఇంతే.”

పాప అతని వైపే చూస్తూ కాళ్లాడిస్తోంది.

నవనీత లేచి నిలబడింది. ఇవాళ కూడా పలకకపోతే ఇక ఎప్పటికీ పలకలేనని తెలిసిపోయింది ఆమెకు.

“ఎల్లేశం గారూ,” అంది, “ఆ రోజు క్రిమి పెరిగిన ప్లేటు మీ వేళ్లది కాదు, నా వేళ్లది, భయంతో నా చీటీ పీకేసి మీ పేరున్న చీటీ దానికి అంటించాను.”