వినే పెట్టె

"పది గంటలకు రమ్మంటే పన్నెండింటికా రావడం?"

గేటు తీస్తూనే మండిపడ్డాడు డ్రాయింగు మాస్టారు.

బయట నిలబడ్డ పెద్దాయన కంగారుపడ్డాడు. "అది కాదు బాబూ, నేను వచ్చింది..."

"ఎందుకొచ్చారో నాకు తెలుసు. ముందు లోపలికి నడవండి. నాలుగింటికి మా ఆవిడకు పరీక్ష."

మాస్టారి భార్య నర్సు. మోకాలు దెబ్బతిని వార్డుల్లో తిరగలేక ఆరు నెలలుగా ఇంట్లోనే ఉంది. పొరపాటున విషం మింగినవాళ్ల తరఫున ఫోను వస్తే, ఏం చెయ్యాలో చెప్పే ఉద్యోగం ఒకటి, ఇవాళ్టి పరీక్ష నెగ్గితే దొరికేలా ఉంది. ఇంటినుంచే చెయ్యొచ్చు. కాకపోతే గదిలో వేరే గొంతు వినపడకూడదు. మాట మధ్యలో తెగకూడదు.

ఇంట్లో కవలలు. ఇద్దరూ కలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు.

అందుకే పెరటిగది సర్దారు. అక్కడికి వైఫై అందదు. రెండు వైర్‌లెస్ పెట్టెలు తెచ్చి, ఇంటి గోడకొకటి, గది గోడకొకటి మాస్టారే బిగించాడు. మూడు రోజులైనా అవి కలవలేదు, ఎర్రలైటు పోలేదు.

పెద్దాయన రెండు గోడలనూ మార్చి మార్చి చూశాడు. చెప్పబోయిన మాట ఆపేసి, చేతిసంచి గట్టు మీద పెట్టాడు.

"ఇవి ఒకదాన్నొకటి చూసుకోవాలి బాబూ. మధ్యలో నీళ్ల ట్యాంకు అడ్డం. అలిగిన మొగుడూ పెళ్లాల్లా ఉన్నాయి."

నర్సు నవ్వింది. మాస్టారికి నవ్వు రాలేదు.

"నిచ్చెన ఉందా?"

"అదీ మేమే చూడాలా?"

పక్కింటినుంచి నిచ్చెన తెచ్చి, మాస్టారే విసుక్కుంటూ ఎక్కాడు. ఇనప గొట్టాలకు కట్టి పెట్టెల్ని ట్యాంకు కన్నా పైకి లేపాడు. "ఇంకాస్త కుడికి... అబ్బే, అంత వద్దు," అంటూ కిందనుంచి చెప్పాడు పెద్దాయన.

అయినా ఎర్రలైటే.

ఆయన ల్యాప్‌టాప్ అడిగి తీసుకుని, కళ్లజోడు సవరించుకుంటూ సెట్టింగులు చూశాడు.

"అదీ సంగతి! రెండింటినీ చెప్పే పెట్టెలుగానే పెట్టారు. వినే పెట్టె ఒక్కటీ లేదు. నేను ఓడల్లో వైర్‌లెస్ చూసే రోజుల్లోనూ కొత్తవాళ్లు ఇదే చేసేవాళ్లు."

"మా ఇంట్లో అంతే లెండి," అంది నర్సు, భర్తను ఓరగా చూస్తూ.

మూడున్నరకు పచ్చలైటు వెలిగింది.

నాలుగింటికి ఆమె గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. కిటికీలోంచి గొంతు సన్నగా వినిపిస్తోంది.

"భయపడకండమ్మా. బాబు తెలివిలోనే ఉన్నాడా? వాంతి మాత్రం చేయించకండి. సీసా మీద ఏం రాసుందో చదవండి... నేను ఫోన్లోనే ఉంటాను."

అవతల ఉన్నది పరీక్ష కోసం తల్లి పాత్ర వేస్తున్న మనిషే. అయినా పెద్దాయన తల వంచుకుని కిటికీ పక్కనే నిలబడిపోయాడు.

ఇరవై నిమిషాలు. మాట ఒక్కసారీ తెగలేదు.

తలుపు తెరుచుకుంది. "తీసుకున్నారండీ! రేపే చేరమన్నారు."

మాస్టారు మెట్టు మీద కూలబడ్డాడు. గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఉన్నట్టుండి ఏడుపొచ్చి, ఎవరికీ కనపడకుండా తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"బాబాయిగారూ, వచ్చినప్పుడు మీరేదో చెప్పబోయారు కదూ?" అంది నర్సు.

పెద్దాయన గదివైపు చూశాడు. "ఇప్పుడేం లేదమ్మా. హాయిగా పని చేసుకో."

ఆయన సంచి తీసుకుని వెళ్లిన పది నిమిషాలకు మాస్టారి ఫోను మోగింది.

"సార్, ఏమనుకోకండి. బండి మొరాయించింది. మీ వైఫై పనికి రేపు పొద్దున్నే వస్తాను."

మొగుడూ పెళ్లాలు మొహాలు చూసుకున్నారు. మాస్టారు చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. ఎక్కడా ఆయన జాడ లేదు. కనీసం ఆయన్ని మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదే!

తిరిగొచ్చేసరికి ఇంటి ఓనరు ఫోను.

"చెప్పడానికి నోరు రాలేదు మాస్టారూ, ఇల్లు అమ్మేశాను. పెరటిగది పడగొట్టి తనకు ఇల్లు కట్టుకుంటాననీ, నెలలోగా ఖాళీ చెయ్యాలనీ మీతో చెప్పడానికి కొన్నాయన ఇవాళ తనే వచ్చాడట; మరేమైందో గానీ, మీరున్నన్నాళ్లూ ఆ గదిలో ఒక్క ఇటుక కూడా కదపనని ఇప్పుడే ఫోను చేశాడు."