జారిపోయిన వాక్యం

"మీ పుస్తకంలో పదకొండు అచ్చుతప్పులున్నాయి," అంది టైపిస్టు కళ్ళజోడు సర్దుకుంటూ. "పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. ఏమీ అనుకోకండి, పాత అలవాటు."

ప్రొఫెసర్ ఏమైనా అనుకునే స్థితిలో లేదు. కుర్చీ అంచున కూర్చుని చేతిసంచి తాడును వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది. రేపు ఉదయం పదింటికి యూనివర్సిటీలో ఆవిడ పదవీ విరమణ ఉపన్యాసం. చెప్పబోయేది ఆ పుస్తకం గురించే. నలభై ఏళ్ళ కిందట రెండు దేశాలు ఉద్యోగ వలసల మీద ఒక ఒప్పందం రాసుకున్నాయి. 'ఆడవాళ్ళు తండ్రి లేదా భర్త రాతపూర్వక అనుమతితోనే వెళ్ళాలి' అని చిత్తుప్రతి ఆరో నిబంధనలో ఉంది. సంతకాలు పడిన ప్రతిలో ఆ వాక్యం లేదు. అది లేకపోబట్టి వేలమంది ఆడవాళ్ళు ఎవరినీ బతిమాలకుండా విమానం ఎక్కారు.

దాన్ని తీయించింది ఎవరు? అవతలి దేశపు విదేశాంగ మంత్రి అని ప్రొఫెసర్ తేల్చేసింది. దేశాల మధ్య బేరాల్లో స్త్రీల హక్కులు ఎలా గట్టెక్కుతాయో నాలుగు వందల పేజీలు రాసింది. డాక్టరేటు, ఉద్యోగం, ప్రమోషన్లు, పిలిచి వేసిన శాలువాలు, అన్నీ ఆ లేని వాక్యం పెట్టిన భిక్షే.

పోయిన వారం పాత ఫైళ్ళలో ఒక మెమో దొరికింది. ఆ ఒప్పందం టైపు చేయడంలో ఒక వాక్యం వదిలేసినందుకు ఫలానా టైపిస్టును రికార్డు గదికి బదిలీ చేస్తున్నామని అందులో ఉంది. అప్పట్నుంచి ప్రొఫెసర్‌కి కంటిమీద కునుకు లేదు. వెతికి వెతికి ఈ మూడో అంతస్తు ఇంటికి వచ్చింది.

"ఆ మెమో నిజమేనా అండీ?"

"నిజమే. చదివి సంతకం పెట్టి తీసుకున్నాను."

"పైనుంచి ఎవరైనా తీసెయ్యమన్నారేమో? మన మంత్రిగారి ఆఫీసు నుంచి ఫోను లాంటిది?"

"మంత్రిగారికి నా మొహం కూడా తెలీదమ్మా."

"పోనీ, అవతలి దేశం వాళ్ళు?"

"వాళ్ళు రెండుసార్లు కాఫీ అడిగారు. అంతే."

ప్రొఫెసర్‌కి తల కొట్టేసినట్టయింది. "సంతకాలకి ముందు ఎవరూ చదవలేదా?"

"చిత్తుప్రతి చదివి చదివి విసిగిపోయి ఉన్నారు. శుభ్రంగా కొట్టిచ్చాక సంతకం ఎక్కడ పెట్టాలో చూసుకున్నారు. నెల తర్వాత ఎవరో కనిపెట్టారు. అప్పటికే పేపర్లో ఫొటోలు పడిపోయాయి. మళ్ళీ వెళ్ళి తప్పు జరిగిందని చెబితే పరువు పోదూ? నాచేత తప్పని రాయించుకుని, రికార్డు గదికి తోసి చేతులు దులుపుకున్నారు. పదిహేనేళ్ళు ఆ దుమ్ములో దగ్గాను."

మంచినీళ్ళ గ్లాసు తీసుకుంటూ ప్రొఫెసర్ గోడ మీద ఫొటో చూసింది. నర్సు దుస్తుల్లో ఒకావిడ పెద్ద ఆసుపత్రి ముందు నిలబడి నవ్వుతోంది.

"మా అక్క. ఆ ఏడాదే వెళ్ళింది. మా బావ సంతకం పెట్టే మనిషి కాదు."

"అయితే ఆ పొరపాటు మీవాళ్ళకీ కలిసొచ్చిందన్నమాట."

"కలిసొచ్చింది," అంది టైపిస్టు. తర్వాత తన ధోరణిలో పడిపోయింది. "ఇప్పుడైతే ఒక మీట నొక్కితే వంద కాపీలు. మాకు ఒప్పందాల దగ్గర కార్బన్ కాగితం కూడా పెట్టనిచ్చేవాళ్ళు కాదు. మనకొకటి, వాళ్ళకొకటి. రెండూ అసలు ప్రతులే కదా. చిత్తుప్రతి పక్కన పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి మళ్ళీ కొట్టాల్సిందే. వేళ్ళు వాచిపోయేవి."

ప్రొఫెసర్ వినడం ఎప్పుడో మానేసింది. లేచి నిలబడి, కూర్చుని, మళ్ళీ లేచింది. "చివరగా ఒక్కటి. అది పొరపాటేనని రేపు సభలో చెప్పమంటారా?"

"రాసిచ్చిన మాటే కదమ్మా. చెప్పండి."

బస్సులో ఆవిడకి కిటికీ పక్కన సీటు దొరికింది. ఉపన్యాసం కాగితాలు తీసి మొదటి పేజీ అడ్డంగా కొట్టేసింది. 'నేను ముప్పై ఏళ్ళు పొరపాటు పడ్డాను,' అని రాసింది. 'దీని వెనక ఏ విధానమూ లేదు, ఏ ఆలోచనా లేదు. ఒక అలసిపోయిన టైపిస్టు కన్ను జారింది.' రాశాక ఏడుపొచ్చింది. పక్క సీటావిడ చూస్తోందని మొహం కిటికీ వైపు తిప్పుకుంది. రేపు శిష్యుల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? చెప్పకుండా ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? సిగ్నల్ దగ్గర బస్సు ఆగిన రెండు నిమిషాల్లో రెండుసార్లు మనసు మార్చుకుంది. చివరికి చెప్పాలనే నిశ్చయించుకుంది.

చెబితే రుజువు చూపించాలి. అప్పుడు గుర్తొచ్చింది సంచిలోని కవరు. అవతలి దేశం తన దగ్గరున్న ప్రతిని ఇన్నేళ్ళూ తాళంలో పెట్టి, ఈ ఏడాదే బయటికి ఇచ్చింది. కొత్త ముద్రణ అట్ట మీద వేద్దామని ఆవిడే దాని నకలు తెప్పించింది. పొద్దున్నే వచ్చింది, విప్పే తీరిక లేకపోయింది. వాళ్ళ ప్రతిలో ఆ వాక్యం పదిలంగా ఉండి ఉంటుంది. మనదీ వాళ్ళదీ పక్కపక్కన తెర మీద వేస్తే చాలు, పొరపాటని చంటిపిల్లకి కూడా అర్థమవుతుంది.

కవరు చించింది. మూడో పేజీ తీసి, ఆరో నిబంధన మీద వేలు పెట్టి చదివింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివింది.

అందులోనూ ఆ వాక్యం లేదు.