మూయని మెయిలు

మా కమ్యూనిటీ హాల్లో కంప్యూటరు ఒక్కటే. ఎవరైనా మెయిలు మూయకుండా లేచి, తర్వాతి వంతు నాదైతే ఇక అంతే. "నాకు గుండు బాగుంటుందా?" అని వాళ్ళ చుట్టాలందరికీ పంపేస్తాను. అందుకే నన్ను చూస్తే ఎవరూ అంత తేలిగ్గా కుర్చీ వదలరు.

ఇవాళ నా ముందు టైలరమ్మ కూర్చుంది. మొగుడు గుమ్మంలో కాపలా ఉన్నాడు. ఆమె ఫోను కూడా అతని జేబులోనే ఉంటుంది.

"బ్లౌజు బొమ్మలు చూడ్డానికి ఇంతసేపా? లే!" అంటూ లోపలికొచ్చాడు.

ఆమె గబుక్కున లేచింది. "బాబాయ్‌గారూ, మీరే కూర్చోండి," అంది.

"వెళ్ళు తల్లీ, మీ ఆయన నిలబడ్డచోటే వేళ్ళూనుకునేలా ఉన్నాడు," అన్నాను.

బ్లౌజు బొమ్మల వెనక మెయిలు తెరిచే ఉంది. నా వేళ్ళు దురద పెట్టాయి.

"అక్కా, రేపు ఈయన పనికెళ్ళగానే వచ్చి నన్ను తీసుకెళ్ళిపో. బయట తాళం వేసి వెళ్తాడు. పగలగొట్టేవాణ్ణి వెంటబెట్టుకురా."

ఇంకా పంపలేదు.

తలెత్తాను. మొగుడు రెక్క పట్టుకుని లాక్కెళ్తుంటే, ఆమె గుమ్మం దాటుతూ నా వైపే చూస్తోంది. మరిచిపోయినదాని చూపు కాదది.

జన్మలో మొదటిసారి, ఒక్క అక్షరం కూడా కలపకుండా పంపించాను. మెయిలు నేనే మూసేశాను.