పొంతన దీపం

పెళ్లిచూపుల్లో జాతకాలు పోయి రాజకీయ మొగ్గుల పొంతన వచ్చింది. ఇద్దరూ దీపం మీద అరచేతులు పెట్టాలి. మొగ్గులు కలిస్తే ఆకుపచ్చగా, కలవకపోతే ఎర్రగా వెలుగుతుంది.

పెళ్లికొడుకు సుధాంశు నాకు నచ్చాడు. చేతులు పెట్టాం. ఎర్రగా వెలిగింది.

"ఈ సంబంధం వద్దు. కాపురమంటే మాలా ఉండాలి," అంటూ నాన్న తన అరచేయి దీపం మీద పెట్టి, అమ్మ చేతిని కూడా లాగి పెట్టాడు. ఇంకా ఎర్రగా వెలిగింది.

"ఇన్నేళ్లూ నేను చెప్పిన గుర్తుకే వేస్తానని తలూపావు కదే?"

"ఊపాను. ఓటు వేసేది వేలితో కదండీ."

ఆయన ముఖంలో కోపం కన్నా, ఇంతకాలం ఎవరో అపరిచితురాలి వంట తిన్నానన్న అనుమానమే ఎక్కువగా కనిపించింది.

"కాఫీ చల్లారుతోంది, తాగండి. తాగి ముహూర్తం పెట్టించండి," అంది అమ్మ.

ఈసారి నాన్న తలూపాడు.