గోళీ దొర్లిన గది

“ఏదో ఒక రోజు నేను ఈ గదిలోనే జారి పడతాను. తల పగులుతుంది. మూడు రోజులకి గానీ ఎవరికీ తెలియదు” అంది ఆవిడ, మేస్త్రీ ఇంకా చెప్పులు కూడా విప్పకముందే.

“పొద్దున్నే అవేం మాటలు పిన్నిగారూ!” మేస్త్రీ నవ్వుతూ వెనక్కి తిరిగాడు. “ఏరా, గేటు దగ్గరే పాతుకుపోయావేం? బస్తాలు దించు.”

గేటు దగ్గరున్న మనిషి తల వంచుకుని లోపలికొచ్చాడు. ముప్పయ్యేళ్ళుంటాయి. ముక్కు మీదుగా గుడ్డ కట్టుకున్నాడు.

“వీడికి మేం పెట్టుకున్న పేరు మూగనోము. నోరుంది గానీ వాడడు. చేతిపని మాత్రం అద్దమే.”

“చూశాగా. మందుల షాపు పక్కనింట్లో మీరిద్దరూ పని చేస్తుంటే చూసే, మీరే రావాలని పట్టుబట్టాను.”

మేస్త్రీ రసమట్టం తీసి పాత గచ్చు మీద పెట్టాడు. బుడగ నడిమధ్య నిలబడింది.

“ఇక్కడ బాగానే ఉందే!”

“ఆ బుడగకేం తెలుసు? రోజూ నడిచేదాన్ని, నాకు తెలుసు.”

ఆవిడ గుప్పిట విప్పింది. నీలి చార ఉన్న గాజు గోళీ. దాన్ని నేల మీద పెట్టి వేలితో చిన్నగా నెట్టి వదిలింది. అది దొర్లుకుంటూ పోయి మూగనోము కాలికి తగిలి ఆగింది. అతను వంగి తీసుకుని, కాసేపు చూసి, జేబులో వేసుకున్నాడు. ఆవిడ తిరిగి అడగలేదు.

“సరే, మీ నేల మీ ఇష్టం” అన్నాడు మేస్త్రీ. “ఈ లెవెలింగ్ పొడి నీళ్ళలో కలిపి పోస్తే జావలా పారి, తనంతట తనే మట్టమైపోతుంది. దాని మీద టైల్స్ వేశామంటే ఇక మీరు కళ్ళు మూసుకుని తిరగొచ్చు.”

“కళ్ళు మూసుకుని తిరిగితే గోడకి గుద్దుకోనూ?”

మేస్త్రీ పడీపడీ నవ్వాడు. ప్రైమర్ పూశారు. అది ఆరేదాకా కూర్చున్నారు. ఆవిడ ఇద్దరికీ మంచినీళ్ళిచ్చింది. మేస్త్రీకి గ్లాసుతో, మూగనోముకి చెంబుతో. అతను చెంబెత్తి గటగటా తాగి, ఖాళీ చెంబు తీసుకెళ్ళి సరిగ్గా బిందె మీదే పెట్టాడు.

పోత మొదలుపెట్టే ముందు మళ్ళీ పేచీ వచ్చింది.

“వంటింటి వైపు మొదలుపెట్టి, వీధి గుమ్మం దాకా పోసుకుంటూ వస్తాం” అన్నాడు మేస్త్రీ.

“వద్దు. వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి వంటింటి దాకా రండి. అటువైపు ముందు ఆరాలి. లేకపోతే ఏ కుక్కో పిల్లో వచ్చి అడుగులేస్తుంది. బతికినన్నాళ్ళూ దాని పాదాలు చూస్తూ కూర్చోవాలి.”

“అలాగైతే మేం వంటింట్లో ఇరుక్కుపోతాం. దానికి వేరే తలుపుందా?”

“లేదు.”

“భలేవారే! ఆరేదాకా మూడు గంటలు మీ గిన్నెలు తోమమంటారా?” మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. “సర్లెండి, మేకుల చెప్పులున్నాయిగా. పోశాక పావుగంట వరకూ వాటితో తడి మీద నడిచినా మచ్చ పడదు. అది దాటితే మాత్రం బ్రహ్మదేవుడొచ్చినా అడుగు పెట్టకూడదు.”

డ్రమ్మూ బస్తాలూ వంటింట్లోకి చేరాయి, వాటి వెనకే ఆవిడా. మేస్త్రీ కలుపుతుంటే మూగనోము బకెట్లతో మోసుకెళ్ళి పోశాడు. బూడిదరంగు జావ మెల్లగా పాకి మూలమూలలకీ సర్దుకుంది.

“పగుళ్ళు రావు కదా? అలా వంగకు నాయనా, నడుం పట్టేస్తుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకేమన్నా ఉందా! గుడ్డ గట్టిగా కట్టుకో.”

మూగనోము గుడ్డ బిగించుకున్నాడు.

“మా ఆవిడ కూడా నాకిన్ని జాగ్రత్తలు చెప్పదు పిన్నిగారూ!”

పోత ముగిసింది. మేస్త్రీ మేకుల చెప్పులతో, బుడగలు చితికేలా రోలర్ ఆడిస్తూ, తడి మీదుగా వీధి గుమ్మం చేరాడు.

“రారా, టైమైపోతోంది.”

మూగనోము వంటింటి గుమ్మంలో చతికిలబడ్డాడు. కాళ్ళకున్న చెప్పుల పట్టీలు ఒక్కొక్కటే విప్పాడు. మేకుల చెప్పులు గోడకి ఆనించి పెట్టాడు.

“ఒరేయ్, నీకేమన్నా పిచ్చా?”

మేస్త్రీ తల కొట్టుకున్నాడు. “ఆరాక వస్తాను. ఈలోగా వాడి చేత ఒక్క మాట పలికించండి పిన్నిగారూ, మీకు పుణ్యముంటుంది.”

గేటు పడింది. బండి చప్పుడు దూరమైంది.

ఆవిడ బియ్యం డబ్బా మూత తీసింది, పెట్టింది. మళ్ళీ తీసింది.

“భయమేస్తే నాకు నోరాగదు” అంది చివరికి, డబ్బాతోనే చెబుతున్నట్టు. “మా ఆయన కూడా మేస్త్రీయే. నాలుగేళ్ళ కిందట పరంజా మీంచి పడిపోయాడు. ఆసుపత్రి వరండాలో, పది మంది ముందు, ఆ రోజు ఆయన పక్కన పని చేసినవాణ్ణి పట్టుకుని అడిగాను. నీ చేతులేమయ్యాయిరా, పట్టుకోలేకపోయావా అని. పట్టుకోబోతే తనూ పడిపోయేవాడే. ఆ సంగతి నాకు ఇంటికొచ్చాక తట్టింది. అప్పటికే వెళ్ళిపోయాడు. తప్పు నాదేనని చెబుదామంటే, వినడానికి మనిషి కనబడాలిగా.”

అతను నేల చూపులు చూస్తున్నాడు. ఆవిడ డబ్బా మూత బిగించింది. పొద్దుట్నుంచీ ఆవిడ నోరు మూయడం అదే మొదటిసారి.

ముందు గదిలో నేల మెరుపు తగ్గి మసకబారింది. గోడ గడియారం గంట కొట్టింది. ఇంకో గంట కూడా కొట్టింది.

అతను జేబులోంచి గోళీ తీశాడు. తామిద్దరి మధ్యా, వంటింటి గచ్చు మీద పెట్టి చెయ్యి తీసేశాడు. అది ఉన్నచోటే ఉండిపోయింది. అప్పుడు ముఖానికున్న గుడ్డ కిందికి లాగాడు.

“నాన్న వేసిన గచ్చులో వాలెక్కడుందమ్మా?”